ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గింది, మరి యాంజియో ఎప్పుడు?

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. నాన్నగారికి 58 ఏళ్ళు, షుగర్ ఉంది, సాయంత్రం ఆరింటికి వినుకొండలో ఛాతీ నొప్పి మొదలైంది, అక్కడి ఆసుపత్రిలో ఈసీజీ తీసి గుండెపోటని 7:40కి క్లాట్ (రక్తపు గడ్డ) కరిగించే ఇంజెక్షన్ చేశారు, అంబులెన్సులో పదిన్నరకి గుంటూరు చేరారు, ఇప్పుడు నొప్పి లేదు, ఇక్కడి డాక్టర్లు రేపు పొద్దున పదకొండింటికి యాంజియోగ్రామ్ అన్నారు. మీ బావగారేమో అంత పెద్ద ఆసుపత్రి పెట్టుకుని ఇప్పుడే ఎందుకు చెయ్యరని గొడవ, మీ బాబాయిగారేమో నొప్పి తగ్గిన మనిషికి యాంజియో ఎందుకు, ఇదంతా బిల్లు కోసం, నాలుగు రోజులు చూసి ఇంటికి తీసుకుపోదాం అని. మధ్యలో మీరు నలిగిపోతున్నారు.

ముందు కంగారు తగ్గించుకోండి. రేపు పదకొండు అంటే ఇంజెక్షన్ పడ్డాక పదిహేను గంటల ఇరవై నిమిషాలు, అది సరైన టైమే. ఇంజెక్షన్ పనిచేసిన వాళ్ళకి 2 గంటల తర్వాత, 24 గంటల లోపు యాంజియో చెయ్యాలి అనేది ఇప్పుడు గైడ్‌లైన్లు చెప్తున్న లెక్క. బావగారి మాటా తప్పే, బాబాయిగారి మాటా తప్పే, కానీ ఇద్దరూ అలా అనుకోడానికి కారణాలున్నాయి, అవి చెప్తాను, ఎందుకంటే నేను కూడా ఒకప్పుడు బాబాయిగారిలాగే అనుకున్న డాక్టర్నే. పాతికేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, మొదట్లో నరసరావుపేట దగ్గర చిన్న నర్సింగ్ హోమ్‌లో ఫిజీషియన్‌గా, తర్వాత కార్డియాలజీ చదివి విజయవాడలో క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే యాంజియోలు, స్టెంట్లు చేసే గదిలో.

అసలు లోపల ఏం జరిగిందో చూడండి. మన కాలవల్లో గుర్రపుడెక్క చూసే ఉంటారు కదా, ఎక్కడో గట్టు కూలి రాళ్ళు కాలవలోకి పడి ఉంటాయి, గుర్రపుడెక్క కొట్టుకొచ్చి అక్కడే తట్టుకుని గంటలో నీళ్ళు మొత్తం ఆగిపోతాయి. గుండె రక్తనాళంలో కూడా అంతే, కొవ్వు పేరుకున్న చోట గోడ పగిలిద్ది, పగిలిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోద్ది. ఇంజెక్షన్ చేసేది ఆ గుర్రపుడెక్క తియ్యడం వరకే. నీళ్ళు పారినయ్, చివరి చేలకి తడి అందింది, నొప్పి తగ్గింది. కూలిన గట్టు మాత్రం అక్కడే ఉంది, రాళ్ళూ అక్కడే ఉన్నాయి. రేపో ఎల్లుండో మళ్ళీ తట్టుకుంటది. యాంజియో అంటే ఆ గట్టు ఎక్కడ, ఎంత కూలిందో వెళ్ళి చూడటం, స్టెంట్ అంటే దాన్ని కట్టడం. కాబట్టి నొప్పి తగ్గింది కాబట్టి యాంజియో అక్కర్లేదు అనే మాటే లేదు, నొప్పి తగ్గిన మనిషికి ఇంకా కాపాడుకోదగిన కండరం మిగిలి ఉంటది, దాన్ని కాపాడుకోవాలి.

సరే మరి ఇప్పుడే ఎందుకు చెయ్యరు, బావగారి ప్రశ్న. ఇది చాలామందికి అర్థం కాని విషయం. ఈ ఇంజెక్షన్ గడ్డని కరిగించేటప్పుడు ఆ గడ్డలో ఇరుక్కుని ఉన్న త్రాంబిన్ అనే గడ్డకట్టించే పదార్థం బయటికొస్తది, దాంతో ప్లేట్‌లెట్లు, అంటే గడ్డకట్టడానికి పోగయ్యే రక్తకణాలు, ఇంకా రెచ్చిపోతాయి, అంటే మొదటి రెండు మూడు గంటలు ఒకపక్క ఒళ్ళంతా రక్తం కారే గుణం, ఇంకోపక్క సరిగ్గా ఆ పగిలిన చోట మళ్ళీ గడ్డకట్టే గుణం, రెండూ ఒకేసారి ఉంటాయి. అలాంటప్పుడు వైరు, బెలూను, స్టెంటు పెట్టి ఆ చోటుని కదిపితే స్టెంట్ లోపలే గడ్డకట్టొచ్చు, సూది గుచ్చిన చోట రక్తం ఆగకపోవచ్చు. ఇది ఊహించి చెప్పేది కాదు. 2006లో అసెంట్-4 అనే పెద్ద స్టడీ వచ్చింది, ఫుల్ డోస్ టెనెక్టెప్లేస్ (క్లాట్ కరిగించే మందుల్లో ఒకటి) ఇచ్చి వెంటనే యాంజియోప్లాస్టీ, అంటే బెలూన్, స్టెంట్‌తో నాళం తెరవడం చేస్తే ఇంకా బాగుంటదేమో అని 1667 మందిలో చూశారు, సగం మందికి ఇంజెక్షన్ ప్లస్ యాంజియోప్లాస్టీ, సగం మందికి ఉట్టి యాంజియోప్లాస్టీ. ఇంజెక్షన్ ఇచ్చి గంటన్నర రెండు గంటల్లో చేసిన వాళ్ళలో ఆసుపత్రిలోనే చనిపోయిన వాళ్ళు 6 శాతం, ఉట్టి యాంజియోప్లాస్టీ వాళ్ళలో 3 శాతం. స్టడీని మధ్యలోనే ఆపేశారు. ఆ స్టడీలో ప్లేట్‌లెట్లని ఆపే మందులు ఇప్పుడిచ్చినంత గట్టిగా ఇవ్వలేదు, అది కూడా ఒక కారణం, కానీ పాఠం పాఠమే. నాన్నగారిని పదిన్నరకి రాగానే లోపలికి తీసుకెళ్ళకపోవడం బద్ధకం వల్ల కాదు, క్యాథ్‌ల్యాబ్ టీమ్ ఇంటికెళ్ళి నిద్రపోతున్నారనీ కాదు. బీపీ బాగుంది, నొప్పి లేదు, ఈసీజీలో లేచిన గీత దిగింది అనుకుంటే రాత్రంతా మందులు బాగా పట్టనిచ్చి పొద్దున ఫ్రెష్‌గా ఉన్న టీమ్‌తో చేయించడమే మంచిది.

ఇప్పుడు బాబాయిగారి మాట. ఆయన తరం డాక్టర్లు ఆ మాట అనేవాళ్ళు, ఊరికే అనలేదు. 1987, 88లో అమెరికా, యూరప్‌లలో ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే బెలూన్ వేసి చూశారు, అప్పుడు స్టెంట్లు లేవు, ప్లేట్‌లెట్లని ఆపే క్లోపిడోగ్రెల్ మాత్ర లేదు, లాభం కనపడలేదు సరికదా బ్లీడింగులూ ఎమర్జెన్సీ బైపాస్‌లూ ఎక్కువైనయ్. దాంతో ఇంజెక్షన్ ఇచ్చాక కదపొద్దు, మళ్ళీ నొప్పొస్తేనే యాంజియో అనేది ఒక అలవాటుగా స్థిరపడింది. నేను నేర్చుకున్నదీ అదే.

దాని ఫలితం ఏంటో ఒక మనిషి దగ్గర చూశాను, ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటది. మిరపకాయల వ్యాపారం చేసే ఆయన, యాభై కూడా లేవు, తెల్లవారుజామున మూడింటికి తీసుకొచ్చారు. అప్పట్లో వాడే క్లాట్ కరిగించే మందు స్ట్రెప్టోకైనేజ్ పదిహేను లక్షల యూనిట్లు సెలైన్‌లో కలిపి గంటపాటు డ్రిప్ ఎక్కించాం, మధ్యలో బీపీ పడిపోతే కాళ్ళ కింద దిండ్లు పెట్టి డ్రిప్ స్పీడు తగ్గించాం. ఐదున్నరకి ఆయన లేచి కూర్చుని కాఫీ అడిగాడు. ఈసీజీ తీస్తే కొండలా లేచిన గీత చక్కగా కిందికి దిగింది, నేను చాలా సంతోషపడ్డాను. ఐదో రోజు డిశ్చార్జి చేశాం, నెల తర్వాత వీలు చూసుకుని గుంటూరు వెళ్ళి యాంజియో చేయించుకోండి అని చీటీ మీద రాశాను, నా చేత్తో నేనే. ఎనిమిదో రోజు భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ పడిపోయాడు. తీసుకొచ్చేసరికి ఏం మిగల్లేదు. వాళ్ళావిడ ఆ చీటీ నాకే చూపించి, నెల అన్నారు కదండీ, ఇంకా వారమే కదా అయ్యింది అంది. ఆ రోజు నేను చేసింది అప్పటి పద్ధతే, అయినా ఆ చీటీ నాదే. ఆ తర్వాత ఏ పేషెంటుకీ నేను అలా రాయలేదు.

2009లో కెనడా నుంచి ట్రాన్స్‌ఫర్-ఏఎంఐ అని స్టడీ వచ్చింది, 1059 మంది, అందరికీ ఇంజెక్షన్ ఇచ్చారు, ఒక సగాన్ని వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపి ఆరు గంటల్లోపు యాంజియో చేశారు, రెండో సగాన్ని పాత పద్ధతిలో చూశారు. నెలరోజుల్లో చావు, మళ్ళీ గుండెపోటు, మళ్ళీ నొప్పి, గుండె బలహీనపడటం, షాక్ ఇవన్నీ కలిపి లెక్కేస్తే మొదటి గుంపులో 11 శాతం, రెండో గుంపులో 17.2 శాతం. బ్లీడింగ్ కూడా చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఎందుకంటే ఈసారి స్టెంట్లున్నాయి, క్లోపిడోగ్రెల్ లోడింగ్ (మొదటే ఒకేసారి ఇచ్చే పెద్ద డోస్) ఉంది, కొన్ని గంటల గ్యాప్ ఉంది. 1988కీ 2009కీ మధ్య మారింది అదీ. బాబాయిగారితో అదే చెప్పండి, మీరు విన్నది ఒకప్పుడు నిజమే, ఇప్పుడు మందులు మారినయ్, పద్ధతి మారింది అని.

అయితే అసలు నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇది, మీకోసమే కాదు, పల్నాడు, కృష్ణా జిల్లాల్లో ఊళ్ళల్లో ఉండే ప్రతి ఇంటికీ. యాంజియో టైమ్ వేరు, అంబులెన్స్ టైమ్ వేరు. యాంజియోకి రెండు గంటలు ఆగొచ్చు, పదిహేను గంటలు ఆగొచ్చు, కానీ అంబులెన్స్ మాత్రం ఇంజెక్షన్ పడ్డ వెంటనే కదలాలి. నొప్పి తగ్గుద్దేమో చూద్దాం, పొద్దున్నే బయల్దేరదాం, పెద్దబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చాక పోదాం, ఇవన్నీ ప్రాణం మీదకి తెచ్చే మాటలు. ఎందుకంటే ఇంజెక్షన్ అందరికీ పనిచెయ్యదు. 2013లో స్ట్రీమ్ అనే స్టడీలో నొప్పి మొదలైన మూడు గంటల్లోపే వచ్చినవాళ్ళకి ఇంజెక్షన్ ఇచ్చారు, అంటే బాగా పనిచేసే టైమ్‌లో అన్నమాట, అయినా నూటికి 36 మందికి అర్జెంటుగా యాంజియో చెయ్యాల్సొచ్చింది. మిగతావాళ్ళకి సగటున పదిహేడు గంటలకి చేశారు, మీ నాన్నగారి టైమ్‌కి దగ్గరే. ఆ ముప్పై ఆరుగురిలో మన మనిషి ఉంటే, అప్పటికి వినుకొండలోనే ఉంటే, తొంభై కిలోమీటర్ల రోడ్డు అప్పుడు మొదలవుద్ది. మీరు ఇంజెక్షన్ పడగానే బయల్దేరారు చూశారా, సగం పని అక్కడే అయ్యింది.

పనిచేసిందా లేదా ఎలా తెలుస్తది? నొప్పి ఒక్కటే చూస్తే మోసపోతాం, షుగర్ ఉన్నవాళ్ళకి మరీను, వాళ్ళకి నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు. చూడాల్సింది ఈసీజీ. ఇంజెక్షన్ తర్వాత 60 నుంచి 90 నిమిషాల మధ్య ఇంకో ఈసీజీ తీసి మొదటిదాని పక్కన పెట్టాలి. మొదటి ఈసీజీలో ఏ లీడ్‌లో (కాగితం మీద V2, V3 అని పేరున్న ఒక్కో గీత) గీత ఎక్కువ లేచిందో దాన్నే చూడాలి, అక్కడ నాలుగు చిన్న గడులు లేచి ఉంటే ఇప్పుడు రెండు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలి, అంటే కనీసం సగం దిగాలి. సగం దిగకపోతే ఇంజెక్షన్ ఫెయిలైనట్టే లెక్క, అప్పుడు రెండు గంటలు ఇరవై నాలుగు గంటలు అనే మాట పక్కన పెట్టెయ్యాలి, అర్ధరాత్రి రెండైనా సరే వెంటనే క్యాథ్‌ల్యాబ్, దాన్ని రెస్క్యూ అంటారు. మళ్ళీ ఇంకో డోస్ ఇంజెక్షన్ ఇద్దాం అని కొంతమంది అడుగుతారు, దానివల్ల ఉపయోగం లేదని 2005లోనే రియాక్ట్ స్టడీలో తేలింది, ఆరు నెలలకి ఏ గండం లేకుండా ఉన్నవాళ్ళు రెస్క్యూ చేసినవాళ్ళలో 84.6 శాతం, రెండోసారి ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ళలో 68.7.

మీ కేసులో ఆ తొంభై నిమిషాలు అంటే 9:10, అప్పుడు మీరు రోడ్డు మీద ఉన్నారు. దూరం నుంచి వచ్చే చాలా కేసుల్లో ఈ ఈసీజీ ఇలాగే దారిలో పడిపోద్ది. కాబట్టి గుంటూరులో రాగానే తీసిన ఈసీజీ ఉంటది కదా, దాన్ని వినుకొండ ఈసీజీతో పక్కపక్కన పెట్టి చూశారా, సగం పైన దిగిందా అని డ్యూటీ డాక్టర్‌ని మర్యాదగా అడగండి. వినుకొండ కాగితం మీ దగ్గరే ఉంటే తీసుకెళ్ళి ఇవ్వండి, ఆ కాగితం వేడికి నల్లబడిపోద్ది, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. మీరు రాసిన దాంట్లో నాకు కనపడని ముక్క ఇదొక్కటే. దిగింది అని ఆయన చెప్తే రేపు పదకొండు వరకు నిశ్చింతగా ఉండొచ్చు, సరిగ్గా దిగలేదు అంటే ఇప్పుడే కార్డియాలజిస్టుకి ఫోన్ చెయ్యమనండి, అప్పుడు మీ బావగారు గొడవ చేసినా తప్పులేదు.

దిగినా సరే, రాత్రిలో మళ్ళీ నొప్పి వచ్చినా, చెమటలు పట్టి బీపీ పడిపోయినా, ఆయాసం పెరిగినా, మానిటర్‌లో గుండె లయ ప్రమాదంగా తప్పినా, పొద్దున దాకా ఆగరు, ఆగకూడదు. ఇంజెక్షన్ పనిచేసేటప్పుడు మధ్యలో కాసేపు గుండె లయ అటూ ఇటూ అవ్వడం వేరు, అది రక్తం మళ్ళీ పారుతోందనడానికి గుర్తు కూడా అవ్వొచ్చు, దాన్ని చూసి భయపడొద్దు, డాక్టర్లకి తేడా తెలుస్తది. ఇంకొకటి, తలనొప్పి గట్టిగా వచ్చి వాంతి అయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి కాలు బలం తగ్గినా, పిలిస్తే మగతగా పలికినా ఆ నిమిషమే నర్సుని పిలవండి. ఈ ఇంజెక్షన్‌తో నూటికి ఒకరికి మెదడులో రక్తస్రావం అవ్వొచ్చు, ఎక్కువగా మొదటి రోజే. చిగుళ్ళలో కొంచెం రక్తం, సూది గుచ్చిన చోట కమిలిపోవడం మామూలే.

దీనికి సంబంధించే ఒకటి చెప్పాలి. నొప్పి మొదలైనప్పుడు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర గ్యాస్ నొప్పి అని నడుముకి ఇంజెక్షన్ ఏమైనా చేయించారా? మనవైపు పదిమందిలో చాలామంది ముందు అక్కడికే వెళ్తారు, తప్పుపట్టట్లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. కానీ కండకి ఇంజెక్షన్ చేశాక ఈ మందు పడితే లోపల రక్తం గడ్డలు కట్టి పిరుదు బండలా వాచిపోద్ది, నేను చూశాను, రక్తం ఎక్కించాల్సొచ్చింది. చేయించి ఉంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి.

ఏ ఇంజెక్షన్ ఇచ్చారో మీరు రాయలేదు. టెనెక్టెప్లేస్ అయితే బరువుని బట్టి ఒక్క డోస్, 60 కిలోల లోపు వాళ్ళకి 30 మిల్లీగ్రాములు, 90 దాటితే 50, 75 ఏళ్ళు దాటినవాళ్ళకి అందులో సగం. ఇప్పుడు మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా ఇది ఉచితంగా ఇస్తున్నారు, ఇది చాలా పెద్ద మార్పు, నా మొదటి నర్సింగ్ హోమ్ రోజుల్లో స్ట్రెప్టోకైనేజ్‌కే ఇంట్లో గాజులు తీసేవాళ్ళు. స్ట్రెప్టోకైనేజ్ అయితే రక్తం గడ్డకట్టే గుణం తగ్గడం ఒక రోజు దాకా కూడా ఉండొచ్చు, అందుకే సూది గుచ్చేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త. ఏ మందు, ఎంత డోస్, ఎన్నింటికి, ఇది వినుకొండ రిఫరల్ లెటర్‌లో ఉండాలి.

మీ బావగారు ఇంకోటి కూడా అన్నారు కదా, అసలు ఇంజెక్షన్ లేకుండా నేరుగా స్టెంట్‌కే తీసుకొస్తే అయిపోయేది అని. ఈసీజీలో పోటు తేలిన దగ్గర్నుంచి రెండు గంటల్లోపు నాళంలో వైరు వెయ్యగలిగితే అది నిజమే, పటమటలోనో బ్రాడీపేటలోనో ఉన్న మనిషికి ఇంజెక్షన్ అక్కర్లేదు, నేరుగా క్యాథ్‌ల్యాబే. కానీ వినుకొండ, మాచర్ల, రేపల్లె, తిరువూరు, అవనిగడ్డ నుంచి అంబులెన్స్ దొరికి, వచ్చి, అడ్మిషన్ అయ్యి, టీమ్ రెడీ అయ్యి రెండు గంటల్లో అవ్వదు. అక్కడ ముందు ఇంజెక్షనే సరైనది, వినుకొండ డాక్టర్ చక్కగా చేశాడు. పక్కన తమిళనాడులో ఇలాగే చిన్న ఆసుపత్రుల్నీ క్యాథ్‌ల్యాబ్‌లనీ ముడిపెట్టి 2420 మందిలో చూసి 2017లో రాశారు, ఏడాదిలో చనిపోయినవాళ్ళు 17.6 శాతం నుంచి 14.2కి తగ్గారు. కొత్త మందేం లేదు, పేషెంటుని టైమ్‌కి కదిపారు, టైమ్‌కి యాంజియో చేశారు.

రేపు ఏం జరుగుద్దంటే, మామూలుగా కుడి చేతి మణికట్టు దగ్గర చేస్తారు, తొడ దగ్గర కన్నా బ్లీడింగ్ తక్కువ. పూర్తి మత్తు ఇవ్వరు, నాన్నగారు మెలకువగానే ఉంటారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి, క్రియాటినిన్ ఎంతో చూసుకోమనండి, కిడ్నీ బాగోకపోతే ఆ మాత్ర రెండ్రోజులు ఆపుతారు. యాంజియోలో పోటు తెచ్చిన నాళంలో బ్లాక్ పెద్దదైతే అప్పుడే స్టెంట్ వేస్తారు. ఒక్కోసారి గడ్డ పూర్తిగా కరిగిపోయి అక్కడ ముప్పై నలభై శాతమే కనపడుద్ది, అప్పుడు స్టెంట్ వెయ్యకుండా మందులతో వదిలేస్తారు, మా వాళ్ళకి వెయ్యలేదేంటి అని కంగారుపడొద్దు. మిగతా నాళాల్లో కూడా బ్లాకులుంటే అవి కొన్ని రోజులాగి చేస్తారు, మూడూ బాగా పాడైపోతే బైపాస్ మాట రావొచ్చు. ఖర్చు గురించి, ఎన్‌టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఇప్పుడే ఆరోగ్య మిత్ర దగ్గరకెళ్ళి నమోదు చేయించండి, పొద్దున వరకు ఆగొద్దు. స్టెంట్‌కి 2017 నుంచి ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది, బిల్లులో స్టెంట్ ధర విడిగా రాసివ్వమని అడగండి.

ఏదన్నా కారణంతో రేపు పదకొండు కాస్తా సాయంత్రం నాలుగైతే ప్రళయమేం రాదు, ఆ ఇరవై నాలుగు గంటల గీత అంత సన్నది కాదు. కానీ ఎల్లుండి, ఆవలెల్లుండి అని జరగనివ్వొద్దు, డిశ్చార్జికి ముందే అయిపోవాలి. బాగా ఆలస్యమైపోయి నాళం పూర్తిగా మూసుకుపోయి, మనిషికి ఏ బాధా లేకపోతే అప్పుడు తెరిచినా లాభం లేదని 2006లో ఓఏటీ అనే స్టడీలో 2166 మందిలో చూశారు, పోటొచ్చిన మూడో రోజు నుంచి ఇరవై ఎనిమిదో రోజు మధ్యలో వాళ్ళలో సగం మందికి తెరిచి చూశారు. అంటే ఈ తలుపు ఎప్పటికీ తెరిచి ఉండదు.

ఇప్పుడు లేచి నర్సింగ్ స్టేషన్ దగ్గరకెళ్ళండి. కేస్ షీట్ మీద ఇంజెక్షన్ పేరు, 7:40 అనే టైమ్, క్లోపిడోగ్రెల్ మాత్రలు నాలుగు వినుకొండలోనే వేశారా లేదా అన్నది రాసి ఉందో చూడమనండి. లేకపోతే మీరు చెప్పి రాయించండి. పొద్దున క్యాథ్‌ల్యాబ్‌లో ఉండే డాక్టర్ రాత్రి మిమ్మల్ని చూసిన డాక్టర్ కాకపోవచ్చు.